పండగ సీజన్‌లో పనిరోజుల రాత్రి భోజనాలు: మా ఇంట్లో ఎలా నడిపాం

పండగనాటి వంటల గురించి చెప్పేవాళ్లు బోలెడంతమంది. ఆ పండగకు ముందూ, రెండు పండగల నడుమా వచ్చే మామూలు సోమవారాల గురించి, బుధవారాల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఇల్లు అలిసిపోయేది మాత్రం ఆ రాత్రుల్లోనే. ఆఫీసు పని తగ్గదు. పిల్లల స్కూల్లో కార్యక్రమాలు, వాటి రిహార్సళ్లు పెరుగుతాయి. సాయంత్రాలు కొనుగోళ్లకూ చుట్టాల రాకపోకలకూ సరిపోతాయి. ఇన్నీ అయ్యాక కూడా ఇంటిల్లిపాదీ వేళకు కడుపునిండా తిని పడుకోవాలి.

మా ఆవిడ పనిచేసేది బట్టల వ్యాపారంలో. పండగల సీజన్ అంటే ఏడాది మొత్తంలో ఆమెకు అన్నిటికన్నా బరువైన కాలం. ఆ రోజుల్లో ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటుతుంది. మిగతా ఏడాదంతా వంట ఇద్దరం పంచుకుంటాం. ఈసారి సీజన్ మొదలవకముందే కూర్చుని, సోమవారం నుంచి శుక్రవారం వరకూ రాత్రి భోజనం పూర్తిగా నాది అని అనుకున్నాం. పూర్తిగా అంటే పొయ్యి దగ్గర నిలబడటం ఒక్కటే కాదు. ఏం వండాలో ఆలోచించడం, దానికి కావలసినవి ఇంట్లో ఉన్నాయో లేదో చూసుకోవడం, మిగిలింది సర్దడం, రేపటికి నానబెట్టడం, అన్నీ. రాత్రి భోజనంలో సగం బరువు "ఏం చెయ్యాలి" అన్న ప్రశ్నలోనే ఉంటుంది. ఆ ప్రశ్న సాయంత్రం ఆరింటికి ఆమె ఫోన్‌కి వెళ్లకూడదు. దుకాణం నిండా జనం ఉన్నప్పుడు ఆమెను ఆ మాట అడగడమంటే, పని నాదని చెప్పి బరువు మళ్లీ ఆమె నెత్తిన పెట్టడమే.

ఇంట్లో ఆరుగురం. అమ్మ, నాన్న, మేమిద్దరం, హైస్కూల్లో చదివే అమ్మాయి, ఇంకా చిన్న తరగతుల్లోనే ఉన్న అబ్బాయి.

వారం మెనూ అనగానే ఎవరైనా గళ్లు గీసి, గడికో కూర పేరు రాస్తారు. నేను కూరల జోలికి పోకుండా ముందు మనుషుల వేళలు రాశాను. ఒక పెద్ద కాగితం మీద సీజన్ వారాలన్నీ గీసి, ప్రతి సాయంత్రం ఎవరు ఎన్నింటికి ఇంట్లో ఉంటారు, నేను ఎన్నింటికి వంటింట్లోకి రాగలను, ఆరోజు ఇంకేం పనులున్నాయి అని నింపాను. అమ్మాయి నాట్యం రిహార్సల్, అబ్బాయి స్కూల్ ప్రదర్శన, నాన్నను డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాల్సిన సాయంత్రం, బట్టలు కుట్టించుకురావలసిన రోజు, చుట్టాలు దిగే రోజు. ఇంకో సంగతి కూడా అందులో చేర్చాను. అమ్మ పండగ వంటకాలు చేసే సాయంత్రాలు. ఆ రోజు రెండు బర్నర్లూ ఆమెవే. ఒకదాని మీద నూనె మూకుడు, రెండోదాని మీద పాకం. అలాంటి రాత్రి నేను ఎంత ఖాళీగా ఉన్నా పొయ్యి దొరకదు. కాబట్టి ఆ రాత్రి భోజనం ముందే తయారై ఫ్రిజ్‌లో ఉండాలి.

కాగితం నిండాక రాత్రులు వాటంతట అవే మూడు రకాలుగా విడిపోయాయి. గంట దొరికేవి "వండే రాత్రులు". అరగంట మాత్రమే దొరికేవి "కలిపే రాత్రులు", అంటే సగం సిద్ధంగా ఉన్నదాన్ని పూర్తిచేయడం. అసలేమీ దొరకనివి "వేడిచేసే రాత్రులు". ఇంట్లో అందరికీ ఈ పేర్లు అలవాటైపోయాయి. అబ్బాయి స్కూల్ నుంచి రాగానే "నాన్నా, ఇవాళ ఏ రాత్రి?" అని అడిగేవాడు. కూరల పేర్లు ఆ తర్వాతే వచ్చాయి. అవి నింపడం చాలా తేలికైంది, ఎందుకంటే ప్రతి గడిలో ఎంత పని పడుతుందో ముందే తెలిసిపోయింది.

వేళల్లో కదపడానికి వీల్లేనిది నాన్నది. ఆయనకు షుగర్ ఉంది. ఆయన వాడే మాత్ర వేసుకున్నాక భోజనం ఆలస్యమైతే షుగర్ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉందని డాక్టరు గట్టిగా చెప్పారు. షుగర్ మాత్రలన్నీ అలాంటివి కావు, కొన్నే. ఇంట్లో పెద్దవాళ్లు వాడేది ఏ రకమో అడిగి తెలుసుకోవడం అవసరం. అందుకని ఏడున్నర అనేది మా ఇంట్లో గోడమీద గీత లాంటిది. పండగ కొనుగోళ్లయినా, చుట్టాలు వచ్చినా, ఏడున్నరకు నాన్న కంచంలో అన్నం ఉండాలి. పిల్లలు ఎనిమిదింటికి తింటారు. రిహార్సల్ ఉన్న రోజు అమ్మాయి ఎనిమిదిన్నరకు. మా ఆవిడ తొమ్మిదిన్నరకో పదింటికో.

అంటే ఒకే వంట రెండున్నర గంటల పాటు మూడు నాలుగు విడతలుగా వడ్డించాలి. ఇది తెలిశాక వంటకాల ఎంపికే మారిపోయింది. కాలం గడిచేకొద్దీ పాడయ్యేవి కొన్ని, నిలిస్తే ఇంకా బాగుండేవి కొన్ని. వేపుళ్లు మొదటి విడతలో కరకరలాడతాయి, చివరి విడతకు మెత్తబడి నూనె వదులుతాయి. పప్పు, పులుసు, చిక్కుడు గింజల కూర, ముక్కలు వేసిన సూపు లాంటివి ఆగినకొద్దీ రుచి పడతాయి. గుడ్డు అట్టు ఎవరికి వాళ్లకు రెండు నిమిషాల్లో వేడిగా పడుతుంది కాబట్టి అది కూడా పనికొచ్చింది. వేపుడు అంటే పిల్లలకు ప్రాణం. అందరూ ఒకే వేళకు దొరికే రాత్రులకే దాన్ని ఉంచాను.

ఇక ఆదివారం పని. దీని మీద కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే వారమంతా దీని మీదే నిలబడింది.

ఆదివారం పూర్తి కూరలు వండి డబ్బాల్లో పెట్టలేదు. కూరకు పునాదులు తయారుచేశాను. ఉల్లిపాయ, టమాటా, అల్లం, వెల్లుల్లి బాగా మగ్గించి, ఉప్పు తక్కువగా, కారం దాదాపు లేకుండా ఒక ముద్ద. అది పునాదిగా ఉంటే సోమవారం అందులో ఉడికిన శనగలు పడతాయి, బుధవారం కోడిగుడ్లు పడతాయి, శుక్రవారం ఉన్న కూరగాయలు పడతాయి. ఉప్పు తక్కువ ఎందుకంటే, చివర్లో ఏది కలిపితే దాన్నిబట్టి సరిచేసుకోవచ్చు. నాన్నకు వేరే, పిల్లలకు వేరే తీయడానికీ వీలవుతుంది. రెండోది ఉడికిన గింజలు. శనివారం రాత్రి శనగలు, రాజ్మా విడివిడిగా నానబెట్టి, ఆదివారం ఉడికించి, నీరుతో సహా చిన్న పొట్లాలుగా ఫ్రీజర్‌లోకి. ఎండు గింజలు నానడానికి ఎనిమిది గంటలు, ఉడకడానికి మరికొంతసేపు. పనిరోజు సాయంత్రం ఇది జరిగే పని కాదు. ఉడికించి దాచుకుంటే మాత్రం పది నిమిషాల కూర.

రాజ్మా విషయంలో ఒక జాగ్రత్త. ఆ గింజల్లో సహజంగానే లెక్టిన్ అనే ఒక రకం ప్రోటీన్ ఉంటుంది. సరిగా ఉడకని గింజలు కాసిని తిన్నా కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు సలసలా మరిగితే ఆ లెక్టిన్ విరిగిపోతుంది. ప్రెషర్ కుక్కర్‌లో వేడి 120 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది కాబట్టి దిగులు లేదు. సన్నటి సెగ మీద గంటల తరబడి పెట్టే స్లో కుక్కర్‌లో మాత్రం గింజలు మరగకుండానే మెత్తబడవచ్చు. కాబట్టి ముందు మరిగించాకే అందులో వెయ్యాలి.

"ఒకేసారి రెట్టింపు వండి సగం దాచెయ్యండి" అనే సలహా అందరూ ఇస్తారు. అది నిజమే కానీ దానికి కుక్కర్ హద్దు ఉంటుంది. మామూలు వంటలకు కుక్కర్ మూడింట రెండు వంతులు మించి నింపకూడదు. పప్పులు, గింజలు ఉబ్బి నురగ కడతాయి కాబట్టి వాటికి సగమే. నురగ వెళ్లి ఆవిరి రంధ్రం మూసుకుంటే ప్రమాదం. రెట్టింపు కావాలంటే రెండు దఫాలు పెట్టాలి. ఆదివారం మధ్యాహ్నం ఒక దఫా విజిళ్లు కొడుతుంటే, నేను రెండోదానికి గింజలు కడిగి ఉంచుకునేవాణ్ని. తరిగే పని రెట్టింపు అవుతుంది, అది తప్పదు. పొయ్యి దగ్గర కాపలా కాసే సమయం, గిన్నెలు తోమే సమయం మాత్రం నిజంగా మిగులుతాయి.

అన్నం ఏ రోజుకు ఆ రోజే. దీని వెనక కారణం ఉంది. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. అన్నం ఉడికినా అవి చావవు. అన్నం గది వేడిలో గంటలకొద్దీ ఉంటే అవి మొలకెత్తి పెరిగి విషపదార్థాన్ని తయారుచేస్తాయి. వాంతులు కలిగించే ఆ పదార్థం మళ్లీ వేడిచేసినా పోదు. "బాగా వేడిచేశాంలే" అన్న ధైర్యం అన్నం విషయంలో పనికిరాదు. వేడి చెయ్యడం కన్నా చల్లార్చడం ముఖ్యం. అందుకే మా ఆవిడ కోసం అన్నం పక్కన పెట్టాల్సి వచ్చినప్పుడు వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి, ఆవిరి పోగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. మరునాటికి మిగిలితే ఒక్కసారి మాత్రమే వేడిచేసి ఆరోజే ముగించేయడం, లేకపోతే వదిలేయడం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో సురక్షిత ఆహారానికి ఐదు సూత్రాలని ఒక పోస్టర్ తెచ్చింది. శుభ్రంగా ఉంచడం, పచ్చివీ వండినవీ వేరుగా ఉంచడం, బాగా ఉడికించడం, సరైన ఉష్ణోగ్రతలో దాచడం, మంచి నీరూ మంచి సరుకూ వాడటం. అందులో నాకు రోజూ ఉపయోగపడినవి కొన్ని అంకెలు. వండింది గది వేడిలో 2 గంటలు మించి ఉంచకూడదు. ఫ్రిజ్ 5 డిగ్రీల లోపు ఉండాలి. వేడిగా ఉంచాలనుకుంటే 60 డిగ్రీలకు పైన. తిరిగి వేడిచేస్తే లోపలిదాకా 70 డిగ్రీలు తాకాలి. మా వడ్డన విడతలకు ఈ 2 గంటల లెక్క సూటిగా తగిలింది. ఏడున్నరకు మొదలైన కూర పదింటిదాకా పొయ్యి గట్టు మీద ఉండకూడదు. పిల్లలు తినగానే మా ఆవిడ భాగం చిన్న డబ్బాలోకి తీసి, గిన్నె ఖాళీచేసి లోపల పెట్టేసేవాణ్ని. ఆమె వచ్చాక పొగలు వచ్చేదాకా వేడిచేసేవాణ్ని. మైక్రోవేవ్‌లో అయితే మధ్యలో ఒకసారి కలిపి, తీశాక నిమిషంపాటు వదిలేయాలి. అందులో వేడి అంతటా సమానంగా పట్టదు, అంచులు మరుగుతుంటే నడుమ చల్లగా ఉండిపోతుంది.

పండగ రోజుల్లో ఫ్రిజ్ మీద పడే బరువు మామూలు రోజుల్లో ఉండదు. మిఠాయి డబ్బాలు, ఎవరో పంపిన పళ్లు, రెట్టింపు పాలు, పూలు కూడా. కిక్కిరిసిన ఫ్రిజ్‌లో చల్లగాలి తిరగదు, వెనకవి గడ్డకడుతుంటే ముందువి వెచ్చబడతాయి. లోపల పెట్టే చిన్న థర్మామీటర్ ఒకటి కొన్నాను. తలుపు వైపు ఎంత తేడా ఉంటుందో అది చూశాకే నాకు అర్థమైంది. అందుకే పాలు తలుపులోంచి లోపలి అరలోకి మారాయి. చెడనివి, అంటే పచ్చళ్లు, సాస్‌లు, తలుపులోకి వెళ్లాయి. మాంసం ఎప్పుడూ అడుగు అరలోనే, గిన్నెలో పెట్టి, పైనుంచి కిందికి ఏదీ కారకుండా. మధ్య అరలో ఎడమవైపు భాగం "ఈ వారం రాత్రులు" అని ఖాళీగా ఉంచమని అందరికీ చెప్పాను. ఆ జానెడు చోటు కోసం మిఠాయి డబ్బాలతో కొంత పోట్లాట జరిగింది. పొడి మిఠాయిలు చాలామటుకు బయట ఉండగలవు కదా అని అమ్మే వాటిని తీసి షెల్ఫులోకి సర్దింది.

ఫ్రీజర్ గురించి కూడా ఒక మాట. పొట్లాలను బండల్లా కాకుండా అరచేతి మందంలో పలచగా చదును చేసి పెడితే త్వరగా గడ్డకడతాయి, త్వరగా కరుగుతాయి, పుస్తకాల్లా నిలబెట్టుకోవచ్చు. గాజు సీసాలో పోస్తే పైన ఖాళీ వదలాలి, నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం పెరుగుతుంది, సీసా పగులుతుంది. ప్రతిదాని మీదా పేరు, తేదీ. గడ్డకట్టాక ఎర్రటి ముద్దలన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఇక అన్నీ ఫ్రీజర్‌కు పనికిరావు. బంగాళాదుంప ముక్కలు కరిగాక పిండిపిండిగా అయిపోతాయి, ఉడికిన గుడ్డు తెల్లసొన రబ్బరులా సాగుతుంది, పెరుగు కలిపిన గ్రేవీ విరిగినట్టు విడిపోతుంది. కాబట్టి ముద్దా గింజలే లోపలికి, మిగిలినవి ఆరోజు కలుపుకోవడమే. రేపటి పొట్లం ఈరోజు రాత్రే ఫ్రీజర్‌లోంచి కింది అరలోకి దించడం పడుకునే ముందు నా చివరి పని. పొద్దున గట్టు మీద పెట్టి సాయంత్రం దాకా వదిలేస్తే, లోపల గడ్డ కరిగేలోపు పైభాగం గంటలకొద్దీ వెచ్చగా ఉండిపోతుంది.

కూరగాయల వరస తేలికైన విషయమే గానీ బాగా కలిసొచ్చింది. వారం మొదట్లో ఆకుకూరలు, పుట్టగొడుగులు. నడుమ బీన్స్, కాలీఫ్లవర్, వంకాయ. చివర్లో క్యాబేజీ, క్యారెట్, గుమ్మడి. ముందు చెడేవి ముందు. అరటిపళ్లు, పండిన టమాటాలు వదిలే ఇథిలీన్ వాయువుకు ఆకుకూరలు త్వరగా పసుపెక్కుతాయి కాబట్టి వాటిని దూరంగా ఉంచాను. ఉల్లి, బంగాళాదుంప కూడా ఒకే బుట్టలో వద్దు.

ఇంతవరకూ చెప్పింది విని, అంతా ముందే వండి దాచుకున్నాం, ఇంట్లో ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు అనుకుంటారేమో. అమ్మకు ఉండింది. "పండగ రోజుల్లో ఇంట్లో ఫ్రిజ్ తిండేంట్రా" అంది మొదటి వారమే. అమ్మ మాటను నేను చాదస్తం అని కొట్టిపారెయ్యలేదు. ఆమె జీవితమంతా అప్పటికప్పుడు వండి వడ్డించిన మనిషి. ఎదుటివాళ్ల మీద ఉన్న ప్రేమను వేడి అన్నంలో చూపించిన మనిషి. ఆమెకు అది వంట పద్ధతికి సంబంధించిన విషయం కాదు, మర్యాదకు సంబంధించిన విషయం. ఇద్దరం మాట్లాడుకుని ఒక ఒప్పందానికి వచ్చాం. ఏ రాత్రయినా సరే అన్నం వేడిగా అప్పుడే దిగాలి, దాంతోపాటు ఏదో ఒకటి ఆరోజే చేసింది ఉండాలి. అది ఒక్క పోపు పెట్టిన పప్పు కావచ్చు, తరిగిన కీరా ముక్కలు కావచ్చు, గుడ్డు కావచ్చు. ఆ ఒక్క తాజా పదార్థం వచ్చాక అమ్మ మళ్లీ ఆ ఊసెత్తలేదు. పైగా వేడిచేసే రాత్రుల్లో ఆ ఒక్కటీ తానే చేస్తానని తీసుకుంది. నిజం చెప్పాలంటే భోజనం కూడా దానివల్ల బాగుపడింది. దాచి తీసిన కూరలో లేని ఘుమఘుమ అప్పుడే వేసిన పోపులో ఉంటుంది.

అమ్మాయికి గురువారం అప్పగించాం. నెలకు ఒకటో రెండో గురువారాలు కాదు, సీజన్ అంతా. ఇక్కడ మా ఆవిడ ఒక మంచి మాట చెప్పింది. "రాత్రి అప్పగిస్తే మొత్తం అప్పగించండి. ఏం చెయ్యాలో మీరు చెప్పి, అది మాత్రం తను చేస్తే, అది మీ వంటే." అలాగే చేశాం. ఏం వండాలో అమ్మాయే నిర్ణయించి, కావలసినవి శనివారంలోగా జాబితాలో రాయాలి. గురువారం ఏడున్నరకు తాతయ్య కంచం సిద్ధంగా ఉండాలి. అదొక్కటే నియమం. తను ఎంచుకున్నవన్నీ సాదా వంటలు. ఉడికిన శనగలు, కూరగాయలు కలిపిన అన్నం, ఆమ్లెట్, టమాటా సూపు. కత్తి, కుక్కర్ మూత, వేడి నూనె విషయంలో మాత్రం నేనో అమ్మో పక్కన ఉండేవాళ్లం. తాతకు ఉప్పు తగ్గించి వేరే తీయడం ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంది. అబ్బాయి పని మంచినీళ్లు, కంచాలు, డబ్బాల మీద తేదీలు రాయడం. వాడి అక్షరాలు ఇంకా ఫ్రీజర్‌లో కొన్ని పొట్లాల మీద ఉన్నాయి.

వారానికి ఒక రాత్రి ఏమీ రాయకుండా ఖాళీ వదిలాను. మొత్తం పథకంలో నాకు ఎక్కువ మేలు చేసింది ఇదే. సీజన్‌లో ఏదో ఒకటి జరుగుతుంది. చుట్టాలు చెప్పకుండా వస్తారు, ఆఫీసులో ఆలస్యమవుతుంది, పక్కింటివాళ్లు పండగ భోజనం పంపిస్తారు, ఎవరికో జ్వరం వస్తుంది. గళ్లన్నీ నిండిపోయి ఉంటే ఒకటి జరగగానే మిగతావన్నీ తోసుకుంటూ వెళ్లి కొన్ని కుళ్లిపోతాయి. ఖాళీ గడి ఉంటే వాయిదా పడింది అందులోకి వెళ్తుంది. అయితే ఏది వాయిదా వెయ్యాలో కూడా లెక్క ఉంది. ఆకుకూర వంటకం కదపకూడదు, ఫ్రీజర్ పొట్లం ఎన్ని రోజులైనా కదుపుకోవచ్చు. అందుకే అనుమానంగా ఉన్న సాయంత్రాలకు ఫ్రీజర్ వంటకాన్నే రాసేవాణ్ని.

చెప్పకుండా వచ్చిన అతిథుల రాత్రి కూడా ఈ సరంజామాతోనే గడిచింది. మనుషులు పెరిగితే పెంచడానికి వీలైనవి పప్పు, సూపు, గింజల కూర. లెక్క ప్రకారం తలా ఒకటి ఉండాల్సినవి కష్టం. ఒకసారి గుడ్ల కూర గడిలో చుట్టాలు దిగారు. పునాది ముద్దలోనే గుడ్ల బదులు ఇంకో పొట్లం శనగలు వేసేశాను. గుడ్లు మర్నాటికి మారాయి. వచ్చినవాళ్లు తినేసి హాయిగా కబుర్లు చెప్పి వెళ్లారు.

సీజన్ నడుమకు వచ్చేసరికి ఇంట్లో ఆకలి కూడా మారింది. పగలంతా స్కూల్లో, ఆఫీసుల్లో, ఎవరింటికి వెళ్లినా తీపి, నూనె వంటకాలే. రాత్రికి అందరికీ తేలికైనదే కావాలనిపించింది. నేను ముందు వారాల్లో రాసుకున్న పరిమాణాలు తగ్గించాను. ఎవరైనా సాయంత్రం బయట చిరుతిండి తినే రోజులు కాగితం మీద ఒక చిన్న చుక్కతో గుర్తుపెట్టి, ఆ రాత్రి అన్నం ఒక గిన్నె తక్కువ. దాంతో మిగుళ్లు బాగా తగ్గాయి. పండగ మర్నాటి రాత్రి అయితే మిగిలిన వంటకాలే భోజనం. వాటిని ఎంతసేపు బయట ఉంచామో చూసుకుని, అనుమానం ఉన్నవి పారేశాం. వాటికి తోడు ఒక చారు, పెరుగు, పచ్చి కూరగాయ ముక్కలు.

మా ఆవిడ భోజనం గురించి చెప్పకపోతే ఈ కథ పూర్తికాదు. మిగతావాళ్లు తినేశాక, ఒంటరిగా వేడిచేసుకుని, ఫోన్ చూసుకుంటూ తినడం ఆమెకు బాధగా ఉండేది. ఆ మాట ఎప్పుడూ ఫిర్యాదులా అనలేదు. ఆమె కంచం దగ్గర నేను కూర్చోవడం మొదలుపెట్టాను. పిల్లలతో పాటు సగం తిని, మిగతా సగం ఆమెతో తినేవాణ్ని. వారంలో ఒకరోజు, ఆమె కాస్త ముందుగా రాగలిగిన మంగళవారం, నాన్న తప్ప అందరం తొమ్మిదింటిదాకా ఆగి కలిసి తిన్నాం. ఆరోజు పిల్లలకు ఆరున్నరకు పళ్లు, పాలు గట్టిగా పెట్టాం, ఆకలికి విసుక్కోకుండా. నాన్న ఏడున్నరకే తినేసి, మేం కూర్చున్నప్పుడు మజ్జిగ గ్లాసుతో వచ్చి బల్ల దగ్గర కూర్చునేవారు. మంగళవారం ఎప్పుడూ వేడిచేసే రాత్రే. వంట మీద పెట్టే సమయం కూర్చోవడం మీద పెట్టాలనే అలా రాశాను.

ఏ రాత్రీ బయట నుంచి తెప్పించుకోలేదా అంటే, తెప్పించుకున్నాం. అది కూడా కాగితంలో ముందే రాసిందే, పండగ ముందు రోజు. ఆరోజు ఇంట్లో అందరి చేతులూ ఇంకో పనిలో ఉంటాయి. అనుకుని తెప్పించుకుంటే అందులో తప్పేమీ ఉండదు, నాన్నకు పడేది ఏదో ముందే చూసి చెప్పొచ్చు.

సీజన్ అయిపోయాక ఆ కాగితాన్ని పారెయ్యలేదు. దాని మీద జరిగిన మార్పులన్నీ ఇంకో రంగు పెన్నుతో ఉన్నాయి. వచ్చే ఏడాదికి మార్చాల్సినవి వెనక వైపు రాశాను. ఎండు సరుకులు, నూనె, ఫ్రీజర్ సంచులు దుకాణాల్లో రద్దీ మొదలవకముందే కొనేయాలి. పునాది ముద్ద రెండు రకాలు చెయ్యాలి, ఒకే రుచి వారంలో మూడోసారి వచ్చేసరికి పిల్లలు పసిగట్టారు. నాన్న డాక్టరు సాయంత్రాలు అమ్మ వంటకాల సాయంత్రాల మీద పడకుండా చూసుకోవాలి. గురువారంతో పాటు ఇంకో రాత్రి కూడా తనకే కావాలని అమ్మాయి అడిగింది. అది ఏ రోజన్నది పరీక్షల తేదీలు వచ్చాక తేలుస్తాం.